పేరు రాయని ఊరు

ఇవాళ హుస్నాబాద్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లల చేత 'మా ఊరు' మీద వ్యాసం రాయించాను. రవళి ఎంతో బాగా రాసింది. పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే ఆటో, అందులో కిక్కిరిసి కూర్చుని నవ్వుకునే ఆడవాళ్లు. కానీ ఎక్కడా ఊరి పేరు లేదు. ఎందుకు లేదని విసుగ్గానే అడిగాను.

"మా బాపు దుబాయిల ఉంటడు సార్. శుక్రారం ఫోన్ల చదివి వినిపిస్తందుకే రాస్త. రూంల అందరు స్పీకర్ పెట్టుకొని వింటరు. పేరు రాస్తే మా ఊరొక్కటే అయితది. రాయకుంటే ఎవలూరు వాళ్లకు కనవడ్తది," అంది.

మళ్లీ మొదటినుంచి చదివాను. ఈసారి నేను పుట్టిన భైంసా కనబడింది. ఆటోలో చివరన మా అవ్వ కూర్చుని ఉంది.

మీకెవరు కనబడ్డారు?