చాలు పెదనాన్నా

మొన్న ఆదివారం సాయంత్రం టీవీలో మా పాత సినిమా ఒకటి వేశారు. సినిమా డైరెక్షను చదువుకుంటున్న మా మనవరాలు నా పక్కన కూర్చుని చూస్తూ, కథానాయిక కన్నీళ్ళు తుడుచుకునే చోట ఉలిక్కిపడి, అమ్మమ్మా, ఇక్కడెవరిదో గొంతు పడింది, "చాలు పె" అని సగంలో తెగిపోయింది, ఇంత పెద్ద తప్పు ఎడిటరు ఎట్లా వదిలేశాడు అని అడిగింది. నాకు నవ్వాగలేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ తప్పు చెక్కు చెదరకుండా ఉందే అని పొంగిపోయాను. తర్వాత్తర్వాత నేనే డైరెక్టరునై తీసిన నాలుగు సినిమాల్లో ఏది వేసినా ఇంత సంబరపడలేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మదరాసులో మా మేనమామ ఇంట్లో ఉండి, ఆయన మాటలు రాసే సినిమా కంపెనీలోనే, ఏ షాటులో ఎవరు ఏ చీర కట్టారు, చెంబు ఏ చేత్తో పట్టుకున్నారు అని రాసిపెట్టే ఉద్యోగం చేసేదాన్ని. పేరుకు రాతపని గానీ, నా కన్నంతా డైరెక్టరుగారి కుర్చీ మీదే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయన బొంబాయిలో పని నేర్చుకొచ్చిన తమిళుడు. మంచివాడే, కానీ ఆడవాళ్ళ గొంతు వంటిల్లు దాటి వినపడదని ఆయనకు గట్టి నమ్మకం. ఇటు ఊళ్ళోనేమో, నేను సినిమాల్లో చేరానని మా పెదనాన్న రెండేళ్ళుగా నాతో మాట్లాడటమే మానేశాడు. తండ్రి లేని పిల్లనని నన్ను తన చేతుల మీద పెంచినవాడు. ఆయన మాట్లాడకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఆ సినిమాలో కరువుకు ఊరొదిలిన జనం దారిలో బండ్లు విప్పి మకాం చేసే ఘట్టం ఒకటుంది. ముప్పై బండ్లు, ముప్పై జతల ఎడ్లు మదరాసులో ఎక్కణ్ణించి తెస్తామని అందరూ తల పట్టుకుంటే, నేను నోరు ఊరుకోక, మా పల్నాట్లో కావలసినన్ని ఉన్నాయి, రాజుపాలెంలో మా పెదనాన్న ఒక్క కేకేస్తే వచ్చి నిలబడతాయి అనేశాను. డైరెక్టరుగారు సరేనన్నారు. అక్కడ పని చెడితే మాత్రం నన్ను అక్కడే మావాళ్ళకు అప్పజెప్పి వస్తానని కూడా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆయన నవ్వుతూ అన్నవే తప్పకుండా చేసేవారు.

సత్తెనపల్లిలో రైలు దిగి వెళ్ళేసరికి, మా మామయ్య రాసిన ఉత్తరం అందుకుని పెదనాన్న బండ్లన్నీ మెట్టపొలంలో దింపించి ఉన్నాడు. ఊరి పరువు సంగతి కదా. కంపెనీవాళ్ళందరితో మర్యాదగా మాట్లాడాడు గానీ నా వైపు చూడలేదు. నాకేదన్నా చెప్పాలంటే పక్కనున్న ఎద్దుకు చెప్పేవాడు, నేను వినాలి.

మొదటి షాటు అద్భుతంగా వచ్చింది. బండ్ల కింద పొయ్యిలు రాజుకున్నాయి, కథానాయిక తండ్రిని వెతుక్కుంటూ వాటి మధ్య నడిచింది. డైరెక్టరుగారు ఆనందం పట్టలేక "కట్" అన్నారు. ఆయన నోట "కట్" అనే వచ్చింది, మావాళ్ళ చెవిన "కట్టు" అని పడింది. బండి కట్టడమంటే ఏమిటో మన కాలం వాళ్ళకు వేరే చెప్పాలా? పొయ్యి మీద కుండలు దించేశారు, ఎడ్లను కాడికి కట్టారు, మేం లేచి చూసేసరికి ముప్పై బండ్లూ ఊరి దారి పట్టాయి. వెంటబడి, బతిమాలి, వెనక్కు తెచ్చి మళ్ళీ విప్పించేసరికి మధ్యాహ్నమైంది. కట్ అంటే కదలొద్దని మామయ్య వరసగా అందరికీ చెప్పాడు, అందరూ తలూపారు. రెండోసారీ అంతే. పెద్దమనిషి నోరు తెరిచి కట్టమన్నాక కట్టకుండా ఎట్టా ఉంటామని వాళ్ళ బాధ. డైరెక్టరుగారికి ఇరవై ఏళ్ళ అలవాటు, ఆ మాట నోట ఆగదు. ఎండ వాలుతోంది. ఆయన నన్ను చూసి మళ్ళీ నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడోసారి కథానాయికకు నిజం ఏడుపే వచ్చింది, పాపం అలసిపోయి. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, డైరెక్టరుగారి పెదవులు కదలబోతున్నాయి, ముందు బండి దగ్గర పెదనాన్న చెయ్యి అప్పుడే పలుపు మీదికి పోతోంది. అంత గొంతు నాలో ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు.

"చాలు పెదనాన్నా!"

ఆయన చెయ్యి ఆగింది. ఆయన ఆగాడని వెనక ఇరవై తొమ్మిది బండ్లూ ఆగాయి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఎద్దును వదిలి నన్ను చూసి అన్నాడు.

"ఏందే, ఇంకా ఎన్నిసార్లు విప్పమంటావు?"

అందరూ నవ్వారు. నేను మాత్రం రాసుకునే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అది మొదలు ఆ రెండు రోజులూ డైరెక్టరుగారు నోరు మూసుకుని తలూపడం, నేను "చాలు పెదనాన్నా" అనడం. నన్ను మావాళ్ళకు అప్పజెప్పే మాట మళ్ళీ ఎత్తలేదు. బయలుదేరేనాడు పెదనాన్న గోంగూర పచ్చడి జాడీ తెచ్చి, ఇది మీ డైరెక్టరుగారికి అన్నాడు. అంత కారం ఆయన ముట్టలేడని మా ఇద్దరికీ తెలుసు.

కథానాయిక ముఖం ఎంతో బాగా వచ్చిందని ఎడిటరు చివరిదాకా వదల్లేక, నా పిలుపు సగం దాకా ఉంచి కత్తిరించాడు. తెర మీద వేసే పేర్లలో నా పేరు లేదు. రేపు పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందని నా మంచికే తీసేశారట! అప్పుడు కోపమొచ్చింది, ఇప్పటికీ కాస్త ఉంది. కానీ నరసరావుపేట డేరా హాల్లో ఆ సినిమా ఆడినప్పుడు, అంతకుముందు సినిమా మొహమే చూడని పెదనాన్న నాలుగుసార్లు వెళ్ళాడు. "చాలు పె" అని వినపడగానే నేల మీద కూర్చున్నవాడు గొంతెత్తి "దనాన్నా" అని మిగతాది తనే పూర్తిచేసి, నన్నే పిలిచింది మా పిల్ల అని హాలంతటికీ చెప్పేవాడట.

రేపు మా మనవరాలు "కట్" అంటే వందమంది ఆగుతారు, దాన్ని ఇంటికి పంపిస్తానని ఎవరూ నవ్వరు. చానా మంచి సంగతి, దానికోసమే కదా మేమంతా గొంతు చించుకుంది. కాకపోతే ఇప్పటి సెట్లలో ఎవరూ ఎవరికీ పెదనాన్న కారు.

కథంతా విని అది, సినిమా వస్తుండగా రికార్డు చేసుకున్న క్యాసెట్టు వెనక్కు తిప్పి ఆ ముక్క మళ్ళీ వేసింది. "చాలు పె" అని నా ఇరవై ఏళ్ళ గొంతు పిలిచి ఆగింది. నేనే మెల్లగా అన్నాను, "దనాన్నా" అని.