మెమో బైరప్ప సంజాయిషీ

అమెరికా అధ్యక్షుడి ఉత్తరాలంటే ఏదో ఉంటుందనుకున్నాను. నూరేళ్ల కిందట ఒక పెద్దమనిషి అక్కడ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయనకు వచ్చినవీ ఆయన రాయించినవీ లక్షల కాగితాలు. అక్కడెవరో వాటికి ఫోటోలు తీసి బెంగళూరు కంపెనీకి ఇచ్చారు. ఆ కంపెనీ వాటిని మా హోసూరు ఆఫీసుకు తోసేసింది. ఆఫీసంటే తళి రోడ్డులో బేకరీ పైన మేడ. పద్నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా మేనేజరు దేవేంద్ర గదిలో. ఒక్కో కాగితం తెరిచి ఎవరు రాశారు, ఎవరికి రాశారు, తేదీ ఏమిటి, విషయం ఏమిటి అని నాలుగు గళ్లు నింపాలి. నింపినవాటిని చదివి ‘సరి’ అని నొక్కడం నా పని. ఇరవై ఆరేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి అందరికీ నేను టీచరమ్మను.

ఆ కాగితాల్లో ఏముంది, గాడిద గుడ్డు. మా బావమరిదికి పోస్టుమాస్టరు పని ఇప్పించండి అని ఒకడు. తమరు మా ఊరి మీదుగా రైల్లో పోతూ కిటికీ తెరవలేదు, మా బ్యాండు మేళం వాళ్లు నొచ్చుకున్నారు అని ఇంకొకడు. జవాబులన్నీ ఒకే అచ్చు. తమరి లేఖ అందినది, తగు సమయంలో అధ్యక్షులవారి దృష్టికి తేబడును. మా తాలూకా ఆఫీసు గుమాస్తా ఇంతకంటే కొత్త అబద్ధం చెప్తాడు.

ఈ ఘనకార్యంలో నా పక్క కుర్చీ బైరప్పది. మత్తిగిరి మనిషి, అరవై దాటాయి. పీయూసీ చదివి, ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి, కార్మిక సంఘానికి సెక్రటరీగా వెలిగాడు. ఈ కాలం పిల్లలకు పాత ఇంగ్లీషు చేతిరాత చదవడం రాదు, ఆయనకు వచ్చు. అందుకని పిలిచి కూర్చోబెట్టారు. చొక్కా జేబులో మూడు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక ఇంగ్లీషు వాక్యం.

ఊళ్లో ఆయన పేరు మెమో బైరప్ప. మా దిక్కున మెమో అంటే ఏమిటో ఫ్యాక్టరీ బస్సు ఎక్కినవాళ్లందరికీ తెలుసు. షిఫ్టుకు ఆలస్యమైనా, సూపర్‌వైజరుకు ఎదురు చెప్పినా చేతికి వచ్చే కాగితం. మూడు రోజుల్లో సంజాయిషీ ఇయ్యి, లేకుంటే గేటు బయట నిలబడు అని దాని సారాంశం. అది అందుకున్నవాడు సూళగిరి నుంచైనా సరే, ఏడుపు మొహంతో బైరప్ప ఇంటికి వచ్చేవాడు. ఆయన మూడు పేజీల సంజాయిషీ రాసిచ్చేవాడు. ప్రతిదీ ‘మొట్టమొదట ఈ ఆరోపణలన్నీ ఖండిస్తున్నాను’ అనే మొదలు. తప్పు అనే మాట ఆయన కలం నుంచి ఎన్నడూ రాలేదట.

“తప్పు ఒప్పుకుంటే మన మెడ మనమే కోసుకున్నట్ల టీచరమ్మా. కృష్ణగిరి లేబర్ ఆఫీసులో నా డ్రాఫ్టు చూసి లాయరేమో అనుకున్యారు,” అని నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన మాట్లాడుతుంటే నేను వక్కాకు నములుతూ గోడ చూసేదాన్ని.

ఎదురు వరసలో సుగంధి. జవళగిరి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. బీఎస్సీ చదివింది. వాళ్లమ్మ రోజా తోటలో కూలి, చేతులనిండా ముళ్ల గీతలు. నాయన పని పోయి ఇంట్లో ఉన్నాడు. కుర్చీలో కూర్చుని చేసే పని ఆ ఇంట్లో మొదట దొరికింది ఈ పిల్లకే. ఇది పోతే తనూ తోటకే.

ఆ పిల్లకు ఒకనాడు మెమోల కట్ట వచ్చింది. అన్నింటి నెత్తిన ‘మెమొరాండం’ అని ఉంది.

“మామా, వీటికి విషయం ఏమని వేసేది?” అని బైరప్పను అడిగింది.

ఆయన కుర్చీ తిప్పాడు. అంత ఆనందం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. “మెమో గురించి నన్నా అడిగేది పాపా? తప్పు చేసినోనికి ఇచ్చేదే మెమో. డిసిప్లినరీ యాక్షన్ అని వెయ్యి. చదివేది గూడా అక్కర్లే.”

ఆ పిల్ల వేసింది. నాలుగు వందల పన్నెండు కాగితాలకు వేసింది. అవి నా దగ్గరికి వచ్చాయి. రెండు తెరిచి, తేదీలు చూసి, మిగతావన్నీ కలిపి ‘సరి’ అని నొక్కేశాను. తలనొప్పి అని చెప్పుకోవచ్చు. తలనొప్పి లేదు, విసుగు.

వారం తిరక్కుండా అమెరికా నుంచి తిరుగుటపా. ఆ దేశంలో మెమో అంటే ఒకరికొకరు రాసుకునే చీటీయేనట. శుక్రవారం భోజనానికి ఈ ముగ్గురినీ పిలవండి అని ఒక మెమో. లాయంలో కుంటి గుర్రాన్ని మార్చండి అని ఒకటి. మీ లెక్కన మా అధ్యక్షుడు అతిథులతో మొదలుపెట్టి గుర్రం దాకా అందరినీ శిక్షించాడు, మొత్తం కట్ట మళ్లీ చేయండి అని రాశారు.

దేవేంద్ర సుగంధిని గదిలోకి పిలిచి ఇంకేమిస్తాడు, మెమో ఇచ్చాడు. మూడు రోజుల్లో సంజాయిషీ, లేకుంటే సోమవారం నుంచి రావద్దు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. వాడు ఏడో తరగతి నా దగ్గరే చదివాడు, బెత్తం దెబ్బలు గుర్తుండి నోరు రాలేదు. నేనూ గోడ మీది పిల్లిలా కూర్చున్నాను.

బైరప్ప రంగంలోకి దిగాడు. రెండు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాడు. మూడో రోజు అందరం క్యారియర్లు విప్పిన వేళ లేచి నిలబడి చదివాడు. ఆరోపణలు ఖండించాడు. సూచనల పత్రంలో మెమో అర్థం ఇవ్వకపోవడం యాజమాన్యం బాధ్యతారాహిత్యమన్నాడు. సహజ న్యాయసూత్రాలన్నాడు. ఒక్క ముక్క ఆ పిల్లకు పనికొచ్చేది లేదు. నాకు నవ్వొచ్చింది, మజ్జిగన్నంలో దాచుకున్నాను.

సుగంధి చివరిదాకా విన్నది. “మామా, నువ్వు నాకు చెప్పినావని ఇందులో యాడా లేదే,” అన్నది.

“అట్ల రాస్తే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్ల గదా పాపా. అది రూలు గాదు.”

“మా నాయనకూ నువ్వే రాసిచ్చినావు మామా. జవళగిరి పిల్లప్ప. అదీ మూడు పేజీలే. ఇంగ్లీషు శానా బాగుండాదని కంపెనీ వాళ్లే చెప్పినారంట. పని పోయింది.”

“ఏ కంపెనీ?” అన్నాడు బైరప్ప. మనిషి ఆ క్షణంలో కూడా అడిగింది అదీ.

“గేర్లు చేసేది.”

“వాళ్లు సరిగ్గా చదివి ఉండరు.”

“నువ్వు రాసిచ్చినోళ్లలో ఎవురికన్నా పని నిలిచిందా మామా?” ఆ పిల్ల ఎత్తిపొడవలేదు. తెలుసుకోవాలని అడిగింది.

 బైరప్ప కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్యారియర్‌లో రాగిసంగటి అట్లాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ల గొప్ప అంతా ఒక్క ప్రశ్నకు దిగిపోయింది. నాకు జాలి వేయలేదు, ఇన్నాళ్లకు ఒకరు అడిగారు కదా అని సంబరపడ్డాను. నా బుద్ధి అంత గొప్పది.

మూడు గంటలకు నా పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. “టీచరమ్మా, కొంచెం టైపు చెయ్యమ్మా. నా చేతిరాత దేవేంద్రకు చదివేది రాదు.”

చెప్పాడు, కొట్టాను. ‘మెమో అంటే శిక్ష కాగితమని ఆ అమ్మాయికి చెప్పింది నేను. చదవొద్దన్నదీ నేనే. ఆమె నా మాట నమ్మింది. తప్పు నాది.’ బైరప్ప ఇంగ్లీషులో అంత పొట్టి వాక్యాలు ఉంటాయని నాకు తెలియదు.

“ఇంకొకటి వెయ్యమ్మా. ఇందులో వేరే ఎవురికీ సంబంధం లేదు.”

నా చేతులు ఆగిపోయాయి. నాలుగు వందల పన్నెండు కాగితాల పక్కన ‘సరి’ అని పచ్చగుర్తు, గుర్తు పక్కన నా పేరు. బతుకంతా ఇట్లాంటి కాగితాలే చదివినవాడికి అది కనబడకుండా ఉంటుందా?

“అదెందుకు బైరప్పా?” అన్నాను.

“అది లేకుంటే ఇంకొకరిని ఎతుకుతారమ్మా. ఒకరి పని పోతే చాలు.”

అప్పుడైనా అనొచ్చు, ఆగప్పా, నా పేరూ రాద్దామని. అనకుండా, సిగ్గుపడుతూనే మళ్లీ టైపు మొదలుపెట్టాను. ఆయన పెన్ను పట్టుకుని సంతకానికి కాచుకున్నాడు. సోమవారం నుంచి సుగంధి వచ్చింది, ఆయన రాలేదు.

ఆ వాక్యం టైపు చేసింది నేనే. తప్పులున్నాయేమో అని రెండుసార్లు చదివి మరీ ప్రింటు తీశాను.