నేను తుడిచేసిన అ

నాకు ఓపిక తక్కువ. ఒకటో తరగతి పిల్లలకు చెప్పే మనిషికి అది ఉండి తీరాలి, నాకేమో అదే లేదు. నంద్యాలలో ఏడున్నర బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి బడికి నడిచేలోపే సగం అయిపోతుంది. మిగిలిన సగం ముప్పై మంది పిల్లలకు పంచాలి. అయినా గొప్పలకేం తక్కువ లేదు. నా దగ్గర చేరిన పిల్ల నెల తిరిగేసరికి అ రాయకుండా ఉండదని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

నా పద్ధతి పాతదే. పలక మీద పెద్ద అ రాసిస్తాను. పిల్లలు దాని మీదే బలపంతో మళ్లీ మళ్లీ దిద్దాలి. చెయ్యి తిరిగాక తుడిచేసి సొంతంగా రాయమంటాను. పోయిన జూన్‌లో చేరిన ఒక పాప మాత్రం ఎంత దిద్దించినా దారికి రాలేదు. సొంతంగా రాయమంటే గీత ఒకటి మొదలుపెట్టి, ఎటెటో తిప్పి, మళ్లీ దాని పక్కనుంచే వెనక్కి తెచ్చేది. చూస్తే పేగుల చుట్టలా ఉండేది. మిగతావాళ్లు పలకలు నింపేసి కొట్టుకుంటుంటే, ఈమె నాలుక బయటపెట్టి ఇంకా ఆ ఒక్కదాని దగ్గరే ఉండేది.

"ఒక్క గీతే పాపా! రెండెందుకు?" అని తుడిచేసేదాన్ని. చెయ్యి పట్టుకుని రాయించేదాన్ని. వదలగానే మళ్లీ అదే. మళ్లీ తుడిచేదాన్ని. వారం వారం ఫోన్‌లో బడి యాప్ తెరిచి ఆమె పేరు ఎదురుగా 'రాదు' అని నొక్కేదాన్ని. వచ్చి కలవమని వాళ్ల నాన్నకు నోట్‌బుక్కులో ఎర్ర ఇంకుతో నాలుగుసార్లు రాసి పంపాను. ఆ మహానుభావుడు ఒక్కసారీ రాలేదు.

సెప్టెంబరులో ఒకరోజు నేను తుడవబోతే పాప పలకను గుండెకు అదుముకుని ఇవ్వనంది. చెంప మీద ఒకటిచ్చాను. ఈ మాట రాయకుండా దాటేద్దామనే అనుకున్నాను. కానీ కొట్టాను, అది నిజం.

సాయంత్రం తల్లి పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. కూలికి పోయి అట్నుంచి అటే వచ్చినట్టుంది, చీరకింకా మట్టి ఉంది. "అమ్మా, ఈ పిల్ల బుర్రకు ఒక్క అక్షరం కూడా ఎక్కడం లేదు. నేనేం చేసేది?" అన్నాను.

"అట్లయితే దొర్నిపాడులో మాయమ్మ కాడ ఇడిచిపెడ్తా మేడం. మేకలెంబడన్నా పోతాది. ఈడ కూచోని ఏం జేస్తాది?" అంది.

"మీ ఇష్టం" అన్నాను. చదువుకున్నదాన్ని, జీతం తీసుకునేదాన్ని, నేనన్న మాట అదీ.

మూడు రోజులు పాప రాలేదు. నాలుగో రోజు నాకు కోపమొచ్చింది, పిల్ల మీద కాదు, తండ్రి మీద. ఆయన రాళ్లు చెక్కే షెడ్డులో పని చేస్తాడని తెలుసు. ఊళ్లో సగం శంకుస్థాపన రాళ్ల మీదా, మా క్రైస్తవుల సమాధుల మీదా పేర్లు చెక్కేది ఆయనే. అక్షరాలతో బతికే మనిషికి కన్నబిడ్డ చదువు పట్టదా, నాలుగు మాటలు కడిగేసి వద్దామని మధ్యాహ్నం భోజనాలు కాగానే బయలుదేరాను.

షెడ్డు నిండా తెల్లటి దుమ్ము. ఆయన నల్లరాతి ముందు కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్‌లో తీసిన అక్షరాల కాగితం రాతికి అంటించి ఉంది. ఉలి పెట్టి ఒక అక్షరం అంచు పట్టుకుని పోతున్నాడు. ఆ చివరిదాకా పోయి, రెండో అంచు వెంట వెనక్కి వచ్చాడు. చుట్టూ గీత కలిశాక, అప్పుడు లోపలిది చెక్కడం మొదలుపెట్టాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

పక్కనే పగిలిన బండ మీద పాప సుద్దముక్కతో కూర్చుని ఉంది. చుట్టూ గీత అయిపోయింది, లోపల తెల్లగా నింపుతోంది. చివర్లో వేలితో అంచు సరిచేసి చెయ్యి తీసింది. అ! లావుగా, నిండుగా, అచ్చు గుద్దినట్టు. మా బడిలో గోడ మీద పటంలో ఉన్న అ కూడా అంత బాగుండదు.

ప్రభువా! మూడు నెలలు! ఒక్కసారంటే ఒక్కసారి కూడా దాన్ని పూర్తి చేయనివ్వలేదు నేను.

"ఇదేంది పాపా?" అన్నాను. పాప ఉలిక్కిపడి సుద్ద దాచుకుంది.

"చెప్పు, మేడం అడుగుతాండారు గదా" అన్నాడు తండ్రి.

"అ" అంది. వాళ్ల నాన్న చెక్కుతున్న రాయి చూపించి, అందులో ఎక్కడుందని అడిగాను. వరసలన్నీ వెతికి రెండుచోట్ల వేలు పెట్టింది. రెండూ సరైనవే.

"ఇన్నేండ్ల నుంచి చెక్తాండా గానీ దాని పేరేందో నాకు తెల్దు మేడం" అన్నాడాయన నవ్వుతూ. "ఈమె చెప్తేనే తెలిసె. నాకూ, వాళ్లమ్మకూ సదువు రాదు. కాగితం అంటిస్తే అంచెంబడి పోతా, అంతే."

"మరి నోట్‌బుక్కులో నేను రాసి పంపినవి?" అన్నాను.

"ఎర్రగా రాసినారే, అవేనా? పాప బాగా రాస్తాందని రాసినారనుకుంటిమి. ఇంటికొచ్చినోళ్లందరికీ సూపిస్తిమి."

అక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండనిపించింది. కడిగేద్దామని వచ్చినదాన్ని, దుమ్ములోనే ఆ బండ అంచున కూర్చుండిపోయాను. మూలన చిన్న బట్టల సంచి కనబడింది. రేపు పొద్దున పాపను దొర్నిపాడు బస్సెక్కిస్తున్నారట.

"పంపొద్దప్పా. బడికి పంపు" అన్నాను.

"బుర్రకెక్కదని మీరే అంటిరంట గదా."

"తప్పయిపోయింది. పాపకు అన్నీ ఎక్కుతాయి. నేనే చూసుకోలేదు."

ఆయన ఉలి కింద పెట్టాడు. కోపం లేదు, ధర అడిగినట్టు అడిగాడు. "మల్లా కొడ్తారా మేడం?"

"కొట్టనప్పా."

"ఇన్యావా? రేపట్నుంచి బడికి పో" అన్నాడు కూతురితో.

పాప తలెత్తి నా కుడిచేతి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చేతిని కొంగు కిందికి లాక్కున్నాను.