ఎర్ర తువ్వాలు మీద ఊసరవెల్లి

నా పరువు తీసింది మనిషైతే ఎదురుగా నిలబెట్టి నాలుగు దులిపేవాణ్ణి. తీసింది జానెడు ఊసరవెల్లి! దాన్నేమని తిట్టను? చివర్లో నేను బొక్కబోర్లా పడతానని ముందే చెబుతున్నాను. జాలిపడదలచినవాళ్ళు ఇప్పుడే పడిపోండి.

నాలుగేళ్ళ కిందట పామేడు దగ్గర ఫడ్‌లో, అంటే తునికాకు కట్టలు ఆరబెట్టే చోట, కట్టల లెక్క రాసే మున్షీగా ఉన్నాను. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. బీఎస్సీ మధ్యలో మానేసినవాడు ముదిరితే మున్షీ అవుతాడు.

ఒక సాయంత్రం ముత్తెమ్మవ్వ ఆకుల మూట విప్పితే అందులోంచి ఊసరవెల్లి బయటపడింది. పక్కనున్న భీమయ్య కర్ర ఎత్తాడు.

"ఇసపుది! ఊపిరి తగిల్తే మనిషి సస్తడు!"

"ఆగు మామా! అదేం చెయ్యదు. ఏ బట్ట మీద పెడితే ఆ రంగుకొస్తది, అంతే."

"నువ్వు చూసినవా?"

చూడలేదు. కానీ చూడలేదని ఒప్పుకోవడానికా నేను అంత చదివింది?

"మస్తు సార్లు!" అన్నాను.

"అయితే నీ ఎర్ర తువ్వాల మీద పెట్టు. ఎర్రగైతే ఇడిసిపెడ్త. కాకుంటే నా కర్ర, దాని నెత్తి."

పాపం, దాని ప్రాణం నా నోటికి వేలాడింది. పుల్లతో ఎక్కించి తువ్వాలు మీద దించాను. అది ఒళ్ళు ఉబ్బించి, నోరు తెరిచి, పసుపు చారలూ నల్ల మచ్చలూ తేలి బుస్సుమంది. ఎరుపు మాత్రం మచ్చుకైనా లేదు.

"ఏంది మున్షీ, మీ చదువుల ఎరుపు గిట్లనే ఉంటదా?"

"జర టైం పడ్తది మామా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం కాపాడుతుంటే ఆ మాత్రం సాయం చెయ్యదా? "ఎర్రబడవే!" అని కసిరాను. ఇంకాస్త నల్లబడింది.

ముత్తెమ్మవ్వకు నవ్వాగలేదు. "గది బట్టను చూసి మారదు బిడ్డా. బయపడ్డది. బెదిరితే గిట్ల పసుపుకొస్తది, నిమ్మళంగుంటే పచ్చగుంటది. ఆకుకు పోయినప్పుడల్ల చూస్త. భీమా, కర్ర దించు. మూటతోని దాన్ని నెత్తి మీద మోసుకొచ్చిన. ఇసముంటే నేనుందునా?"

తర్వాత ఫోన్లో వెతికితే అవ్వ మాటే నిజమైంది. దాని చర్మం లోపల కంటికి కనబడని స్ఫటికాలు బారులు తీరి ఉంటాయట. మనసు కుదురుగా ఉంటే దగ్గరవుతాయి, బెదిరితే ఎడమవుతాయి. ఆ ఎడాన్ని బట్టే పచ్చ, పసుపు. ఇందులో నా తువ్వాలు ప్రస్తావనే లేదు!

భీమయ్య కర్ర దించాడు గానీ నన్ను వదల్లేదు. "అబద్ధమాడినవు గదా, నువ్వే ఇప్పచెట్టు దాక మోసుకపో."

మీకు చెప్పడానికి సిగ్గెందుకు, దాని ఊపిరంటే నాకూ భయమే. తువ్వాలుతో ఎత్తుకోగానే తోకను నా బొటనవేలికి చుట్టేసింది. దాని ఊపిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎలాగో ఇప్పచెట్టు చేరి చూద్దును కదా, అదే ఎర్ర తువ్వాలు మీద నిక్షేపంగా లేతాకులా పచ్చబడి కూర్చుంది, ద్రోహి!

వెనకే వచ్చిన ముత్తెమ్మవ్వ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అది పచ్చగైంది బిడ్డా. నువ్వే ఇంకా తెల్లగున్నవ్."

ఆ ఇప్పచెట్టు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ ప్రాణి రంగుకూ హామీ ఉండను, నా మొహం రంగుకైతే అసలే ఉండను.