ఆర్లో హాగెన్ నమ్మని సగటు

మా ఊళ్ళో ఆర్లో హాగెన్‌కు ఒకటే జబ్బు. అంకె కనిపిస్తే చాలు, అనుమానం. డాక్టరు రక్తపోటు ఎంతో చెబితే, "ముందు మీ యంత్రం ఆరోగ్యం చూపించండి" అనేవాడు. చర్చి విందుకు నూట ఇరవై మంది వచ్చారని పాస్టరు గారు మురిసిపోతుంటే, "పిల్లల్ని ఒళ్ళో ఉన్నప్పుడు ఒకసారి, పరిగెడుతున్నప్పుడు ఇంకోసారి లెక్కపెట్టారా?" అని అడిగేవాడు. తన పుట్టిన తేదీని కూడా నమ్మడు. "ఆ రోజు గుమాస్తాకి జలుబట. ఏ తుమ్ములో ఏం రాశాడో!"

అలాంటి మనిషి మా బేస్‌బాల్ జట్టుకు ఇరవై రెండేళ్ళు స్కోరు రాశాడు.

ఆయన మానేశాక, మైదానం గోడ మీద పాత ఆటగాళ్ళ బొమ్మలు పెట్టాలని సంఘం వేశారు. అధ్యక్షురాలు వెర్నా, కార్యదర్శిని నేను. బంతి వేసే పిచ్చర్లకు ఒకటే నియమం: తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు నాలుగు లోపు ఉండాలి. ఫీల్డరు పొరపాటు వల్ల వచ్చిన పరుగులు అందులో లెక్కకు రావు.

చెప్పులు కుట్టే డ్యూయీ వాషెక్ పేరు వచ్చింది. పన్నెండేళ్ళు మాకు బంతి వేసినవాడు. రెండు వేల ఇన్నింగ్స్, తొమ్మిది వందల పరుగులు. సగటు నాలుగు దాటి, నాలుగు పాయింట్ సున్నా ఐదు.

"రెండు వేలు, తొమ్మిది వందలు! ఇంత గుండ్రంగా బంతి కూడా ఉండదు" అని ఆర్లో పాత స్కోరు పుస్తకాలన్నీ ఇంటికి మోసుకుపోయాడు.

ఇక ఊరికి ఆయన మీద అనుమానం మొదలైంది. "పాపం, డ్యూయీకి ఉన్న కాస్త పరువూ తీసేస్తాడు చూడు" అంది వెర్నా. నేను వెళ్ళి అడిగితే పుస్తకం టప్పున మూసేశాడు.

"ఇందులో ఒక దొంగ ఉన్నాడమ్మాయ్."

"ఎవరండీ?"

"దొరికాక చెబుతా."

జూన్ సమావేశంలో లేచి నిలబడ్డాడు. "దొంగ దొరికాడు. నేనే."

అందరం నోళ్ళు తెరిచాం.

"మా తమ్ముడు లైల్ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఆడేవాడు. వాడు వదిలేసిన బంతుల్ని వాడి పొరపాటుగా రాస్తే జట్టులోంచి తీసేస్తారని భయం. అవతలివాడు గట్టిగా కొట్టాడని రాసేశాను. ఆ పరుగులు డ్యూయీ నెత్తిన పడ్డాయి. మొత్తం పదకొండు."

వెర్నా గబగబా లెక్క వేసింది. "ఎనిమిది వందల ఎనభై తొమ్మిది. అయ్యో, నాలుగు మీద ఇంకా వెంట్రుకవాసి ఉంది! ఒక్క పరుగు తగ్గితే చాలు. ఇంకోటి లేదా ఆర్లో?"

"మూడుసార్లు వెతికాను. లేనిది రాయను" అన్నాడు.

అన్నను కారులో ఇంటికి తీసుకెళ్దామని వచ్చి వెనకాల కూర్చున్న లైల్, నెమ్మదిగా చెయ్యెత్తాడు.

"డెబ్బై మూడు ఆగస్టు, ఆరో ఇన్నింగ్స్. నువ్వు హాట్‌డాగ్ తింటూ మస్టర్డ్ సాస్ ఒలకబోసుకుని తుడుచుకుంటున్నావన్నయ్యా. బంతి నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. నువ్వడిగితే రాయి తగిలి ఎగిరిందన్నాను. ఒకడు పరుగు తీశాడు."

ఆ పేజీ తీశాం. ఆరో ఇన్నింగ్స్ గడి మీద పసుపుపచ్చ మరక, పక్కన ఆర్లో చేతిరాత: "రాయి". వెర్నా ఆ ఒక్క పరుగూ కొట్టేసింది. సగటు నాలుగు లోపలికి దిగింది. డ్యూయీ గోడెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం చెప్పుల కొట్టుకు వెళ్ళాం. అన్నదమ్ములిద్దరూ తలొంచుకుని జరిగిందంతా చెప్పారు. డ్యూయీ సుత్తి పక్కన పెట్టాడు.

"రాయేంట్రా! వాడి కాళ్ళ మధ్య నుంచి పోవడం నేను చూశాగా. పోనీలే అనుకున్నా. ఆ తర్వాతి ఆటలో ఇదే లైల్ కంచె దాకా పరిగెత్తి, గాల్లోకి ఎగిరి, బంతి పట్టి నన్ను గెలిపించాడు. అది రాశావా?"

ఆర్లో కళ్ళు చికిలించి, సంచిలోంచి పుస్తకం బయటికి తీశాడు.

"ఏ ఇన్నింగ్స్‌లో?"