మూడూళ్ళ జట్టుకి ఒక నేల

మొన్న మా బాల్కనీలో పూలకుండీలకని నర్సరీ నుంచి ఒక సంచీ మట్టి తెప్పించాను. ఇప్పుడు మట్టి కూడా సంచుల్లో పోసి, మూతి కుట్టి, ధర అంటించి అమ్ముతున్నారు కదా. కత్తెరతో కుట్టు విప్పి, చెంబుడు నీళ్ళు చిలకరించి చేత్తో కలపబోతే, తడిసిన ఊక, జల్లించిన మన్ను, కాస్త ఇసుక కలిసిన వాసన గుప్పున తగిలింది. ఇక నా చేయి కదల్లేదు. మా ఆయన లోపలి నుంచి కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచాడు. చల్లారితే చల్లారనీ. ఆ వాసనలో మా నాన్న ఉన్నాడు, చిన్నాన్న ఉన్నాడు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని జల్లెడ పట్టుకున్న మా నాయనమ్మ ఉంది. వాళ్ళందరినీ వదిలేసి కాఫీకి ఎలా లేచి వెళ్ళను?

మాది రేపల్లె దగ్గర ఒక పాలెం. ఎనభైల నాటి మాట, నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. నాన్న మిషను బడిలో మాస్టారు. పిల్లల్ని కొట్టని మాస్టారు కాబట్టి పెద్దవాళ్ళకి ఆయన మీద గౌరవంతో పాటు కాస్త చులకన కూడా ఉండేది. ఆయన తమ్ముడు దావీదు మా చిన్నాన్న. వానాకాలం నాట్లు, చలికాలం కోతలు, మధ్యలో ఎవరు పిలిస్తే వాళ్ళ చేలో కూలి. కానీ ఆయన్ని మా చుట్టుపక్కల అందరూ ఎరిగింది కబడ్డీ వల్ల. ఆ ఆటకి ఒక జట్టు ఉండేది. తెనాలి వైపు కుర్రాళ్ళు కొందరు, బాపట్ల వైపు వాళ్ళు కొందరు, మా రేపల్లె వైపు వాళ్ళు కొందరు కలిసి ఆడేవారు కాబట్టి దాన్ని మూడూళ్ళ జట్టు అనేవారు. సరదాకి ఆడే జట్టు కాదు. తెనాలిలో ఒక బియ్యం మిల్లు షావుకారు బస్సు చార్జీలు, ఆటకింత అని కూలి ఇచ్చి పోటీలకి పంపేవాడు. నాన్న ఆ జట్టుకి పెద్ద దిక్కు, రిఫరీ, అవసరమైతే గాయాలకి టించరు రాసే డాక్టరు కూడా. సెలవు రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. సున్నం డబ్బా మోసి గీతలు గీయడం నా పని.

కబడ్డీలో అవతలివాడు కూత పెట్టుకుంటూ వస్తే మనవాళ్ళు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడాలి. చిన్నాన్న ఎడమ మూల నిలబడేవాడు, ఆయన చేయి పట్టుకునేది సాంబశివరావు. సాంబశివరావుది పిట్టలవానిపాలెం పక్క ఊరు, బాగా పొలం ఉన్న మోతుబరి రైతు కొడుకు. వాళ్ళిద్దరి మధ్యకి దూరినవాడు మళ్ళీ తన గీత ముట్టుకుని ఎరగడు. ఆ రోజుల్లో అలాంటి ఇంటి మనిషి మా వాళ్ళ చేయి పట్టుకోవడం నేను ఆ గీతల మధ్య తప్ప ఇంకెక్కడా చూడలేదు. కానీ చిన్నపిల్లని కదా, అది విడ్డూరమని నాకు తోచలేదు. చేతులు పట్టుకుంటారు, ఆట అంతే అనుకున్నాను.

జట్టుకి అన్నీ ఉన్నాయి, సొంత నేల ఒక్కటే లేదు. డెల్టాలో నేలకేం కొదవ అనుకుంటారు తెలియనివాళ్ళు. మా వైపు వరి ఇంకా కోయకముందే తడినేల మీద మినుములు చల్లేస్తారు, వరి ఇంటికి వెళ్ళేసరికి మినుము పచ్చగా లేచి ఉంటుంది. మినుము పీకాక ఎండకి నల్లరేగడి నెర్రెలు విచ్చి పాదం ఇరుక్కునేలా అవుతుంది, ఆ తర్వాత కాలవకి నీళ్ళు వదులుతారు. ఇక ఆడేది ఎక్కడ? ఎవరి కళ్ళం ఖాళీగా ఉంటే అక్కడ, ఏ బడి ఆవరణ దొరికితే అక్కడ. పొలాల్లో ఆడితే ఎవరో ఒకరు పెద్ద గిన్నెతో పులిహోర పంపేవారు, గట్టు మీద అందరూ ఒకే వరసలో కూర్చుని విస్తరాకుల్లో తినేవారు. గట్టుకి వసారా, పెరడు అంటూ తేడాలు ఉండవు కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాలెంలో ఆట ఉంటే మాత్రం భోజనం మా ఇంట్లోనే. ఆ ముందురోజు అమ్మకి నిద్ర ఉండేది కాదు. నిజాంపట్నం నుంచి చేపల గంప వచ్చే వేళకి రోడ్డు మీద కాపు కాసి, బొమ్మిడాయిలు బతికున్నవి ఏరి తెచ్చేది. బూడిద రాసి జిగురు పోయేలా రుద్ది, మట్టిదాకలో చింతపండు పులుసు మరిగించి, మామిడికాయల రోజులైతే నాలుగు ముక్కలు వేసి, నిప్పుల మీద వదిలేసేది. ఆ పులుసు వాసనకి వీధి కుక్కలన్నీ మా గుమ్మం ముందు సభ పెట్టేవి. సాంబశివరావు చాప మీద చిన్నాన్న పక్కనే కూర్చుని, పైచొక్కా విప్పేసి, చెమటలు కారుతుంటే తినేవాడు.

"అక్కా, ఇంకొంచెం పులుసు పొయ్యి. మా ఇంట్లో చేపంటేనే తలుపులేసుకుంటారు" అనేవాడు అమ్మతో.

"తినండి బాబూ, నిదానంగా తినండి, ముల్లు చూసుకోండి" అనేది నాయనమ్మ గుమ్మం పక్క నుంచి. అతనెన్నిసార్లు అక్కా, అవ్వా అని పిలిచినా, మా నాయనమ్మ నోట అండీ, బాబూ పోలేదు. అతను వెళ్ళిపోయాక మాత్రం గిన్నెలు తోముతూ, "పిల్లోడు మంచోడేనే" అనేది, ఎవరూ కాదనకపోయినా.

అలా ఉండగా మిల్లు షావుకారు నాన్నని పిలిపించి ఒక మాట చెప్పాడు. జట్టుకంటూ శాశ్వతమైన ఒక నేల ఉంటే చుట్టూ తడికలు కట్టి, పోటీలు మనమే పెట్టవచ్చు, టికెట్టు పెట్టవచ్చు, ఆటగాళ్ళకి నెలజీతం ఇవ్వవచ్చు అని. నెలజీతం అనే మాట మా ఇంట్లోకి పండగలా వచ్చింది. అప్పటిదాకా అది నాన్నకి మాత్రమే ఉండేది. చిన్నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర, "ఇంక ఒకళ్ళ చేలో వొంగక్కర్లేదే అమ్మా" అన్నాడు. నాయనమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

నేల వెతకడానికి నాన్న, చిన్నాన్న, సాంబశివరావు బయలుదేరితే తోక మాదిరిగా నేను. నేలని చూడటమంటే చిన్నాన్న దృష్టిలో దాని మీద పడటమే. ఎక్కడికి వెళ్ళినా చొక్కా విప్పి, పరుగెత్తుకుంటూ వచ్చి ధబీమని పడేవాడు. బాపట్ల దగ్గర సముద్రం దారిలో ఒక దిబ్బ చూపించారు. పడితే పరుపులా ఉంది, పరుగెడితే మడమ దాకా దిగబడింది. "పడుకోడానికి బాగుందన్నయ్యా" అన్నాడు. తెనాలిలో మిల్లు వెనక స్థలం బండ్లు, లారీలు తిరిగి తిరిగి రాయి అయిపోయింది. అక్కడ పడినందుకు మోచేతులు రెండూ గీరుకుపోయి ఇంటికొస్తే అమ్మ పసుపు అద్దుతూ తిట్టింది. మా చర్చి ఆవరణ చూస్తే నేల బంగారమే, పాస్టరు అయ్యగారు సరే అన్నారు కూడా, కానీ కొలిచి గీతలు గీస్తే ఒక మూల చర్చి మెట్ల మీదికి ఎక్కింది. మెట్ల మీద కూత పెట్టాల్సి వస్తుందని అందరం నవ్వుకున్నాం.

చివరికి సాంబశివరావు వాళ్ళ నాన్న తన మెరక చేను ఇస్తానన్నాడు. వాళ్ళ ఇంటికి ఆనుకునే ఉండేది. మెరక కాబట్టి వరికి నీళ్ళు అందవు, బస్సు రోడ్డు పక్కనే, మూడూళ్ళ వాళ్ళకీ అందుబాటు. ఆ కబురు తెచ్చిన రోజు సాంబశివరావు మా వీధి మొగలోనే సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చి చిన్నాన్నని ఎత్తి గిరగిరా తిప్పాడు. నెల రోజుల పాటు ఆ నేలకి చాకిరీ చేశారు. గడ్డలు చితక్కొట్టి, మన్ను జల్లించి, బాపట్ల వైపు నుంచి ఇసుక, మిల్లు నుంచి ఊక తెచ్చి కలిపి, నీళ్ళు చల్లి తొక్కారు. మా పాలెం నుంచి ఆడవాళ్ళు కూలి మాట ఎత్తకుండా వచ్చారు. నాయనమ్మ పొద్దుగూకే దాకా జల్లెడ పట్టి, జుట్టంతా దుమ్ముకొట్టుకుపోయి, కొడుక్కి నెలజీతం తెచ్చిపెట్టబోయే నేల కదా అని చిన్న రాయి కనబడినా వేలితో ఏరి పారేసేది. తడి ఊక వాసన మా బట్టల్లోంచి వారాల తరబడి పోలేదు.

మొదటి ఆట రోజు మామిడాకుల తోరణాలు కట్టారు, షావుకారు కారులో వచ్చాడు, గుంటూరు నుంచి ఒక మంచి జట్టుని పిలిపించారు. మధ్యాహ్నం భోజనం సాంబశివరావు వాళ్ళింట్లో. ఆ ఇంట్లో మేం తినడం అదే మొదటిసారి. పొడుగాటి వసారాలో అరిటాకులు పరిచి ఉన్నాయి. నాన్న, చిన్నాన్న, మా పాలెం కుర్రాళ్ళిద్దరు, నేను కాళ్ళు కడుక్కుని నిలబడ్డాం. సాంబశివరావు వాళ్ళ నాన్న ఎదురొచ్చాడు. తెల్లటి పంచె, నవ్వు మొహం.

"మీవాళ్ళకి చావిట్లో వేయించానండి మాస్టారూ. అక్కడైతే గాలి బాగా వస్తుంది."

నాన్న, "అలాగేనండి" అన్నాడు. ఆ పెద్దాయన "మీరు మాత్రం ఇక్కడే కూర్చోండి, చదువుకున్నవారు" అన్నా ఆగకుండా నా చేయి పట్టుకుని గొడ్ల చావిడిలోకి నడిచాడు. చావిడి శుభ్రంగా అలికి, ముగ్గు కూడా పెట్టారు. ఆకుల్లో గారెలు, అల్లం పచ్చడి, పూర్ణం బూరెలు, చిక్కటి పెరుగు వేశారు. ఏ లోటూ చేయలేదు. నేను బూరె కొరుకుతూ, పక్కన కట్టేసిన దూడ నాలిక చాపి నా జడ అందుకోబోతే నవ్వాను. నాతో ఎవరూ నవ్వలేదు. చావిట్లోంచి వసారా కనబడుతుంది. సాంబశివరావు అక్కడ వరసలో మొదటి ఆకు ముందు కూర్చున్నాడు, తల వంచుకుని. చిన్నాన్న తినడం మొదలుపెట్టకుండా అటే చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. లేచి వస్తాడని చూశాడు. వచ్చి పక్కన కూర్చోకపోయినా, కనీసం ఒకసారి ఇటు చూస్తాడని చూశాడు. సాంబశివరావు లేవలేదు, చూడలేదు. తిననూ లేదు. కాసేపటికి చిన్నాన్న అన్నం కలుపుకుని ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఎండ వాలాక ఆట మొదలైంది. గుంటూరు జట్టులో సన్నగా పొడుగ్గా ఉన్న ఒకడు కూత పెట్టుకుంటూ మా ఎడమ మూలకి వచ్చాడు. సాంబశివరావు అలవాటు ప్రకారం చేయి చాచాడు. చిన్నాన్న ఆ చేతిని చూశాడు. తన చేయి మాత్రం ఇవ్వలేదు. మొలకి చుట్టుకున్న తువ్వాలుకి అరచేయి తుడుచుకుని ఊరికే నిలబడ్డాడు. చాచిన చేయి అలాగే ఉండిపోయింది. ఆ సందులోంచి అవతలివాడు వచ్చాడు, ఇద్దరినీ ముట్టుకుని వెళ్ళిపోయాడు. నాన్న విజిలు ఊదడానికి నోట్లో పెట్టుకుని చాలాసేపు ఊదలేకపోయాడు. ఆ రోజు ఓడిపోయారు. అంతకుముందు ఎన్నోసార్లు ఓడారు, ఓడిన ప్రతిసారీ బస్సులో ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చేవారు. ఆ రోజు బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. గెలిచారా అని అడగలేదు, ఏం పెట్టారని అడగలేదు. నన్ను దగ్గరికి లాక్కుని మెల్లిగా, "ఎక్కడ పెట్టారే అన్నం?" అంది.

"చావిట్లో" అన్నాను. "దూడ ఉంది నాయనమ్మా అక్కడ" అని కూడా చెప్పాను.

ఆమె నా తల మీంచి చేయి తీసి, లేచి లోపలికి వెళ్ళింది. అంత రాత్రప్పుడు పెరట్లో కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినబడింది.

చిన్నాన్న మళ్ళీ ఆ నేల మీద కాలు పెట్టలేదు. పాలెం కుర్రాళ్ళు కూడా పోలేదు. తరువాతి వారం సాంబశివరావు వచ్చాడు. వాకిట్లో సైకిలు పట్టుకుని నిలబడి, "దావీదు ఉన్నాడా అవ్వా?" అన్నాడు. నాయనమ్మ లోపలికి రండి బాబూ అంది. అతను గడప దాటలేదు. చిన్నాన్న పెరట్లో గోడకి ఆనుకుని కూర్చుని అన్నీ వింటున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అంత పెద్ద మనిషి ఏడవడం చూసి నాకు భయమేసింది. "లేడు బాబూ" అంది నాయనమ్మ. సైకిలు వెళ్ళిపోయింది. షావుకారు కొన్నాళ్ళు వేరే కుర్రాళ్ళతో లాగి, విసుగొచ్చి మానేశాడు. నెలజీతం మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చిన్నాన్న నిజాంపట్నం వెళ్ళి బోట్లకి ఐసు మోసే పనిలో చేరాడు. తొంభైల్లో ఆ చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులైనప్పుడు మెరక కూడా తవ్వేశారని విన్నాం.

నాన్న, నాయనమ్మ, అమ్మ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. చిన్నాన్న మాత్రం ఉన్నాడు, మోకాళ్ళు అరిగిపోయి, నా దగ్గరే ఉంటున్నాడు. పోయిన నెలలో సాంబశివరావు పోయాడని తెలిసింది. చిన్నాన్నకి చెప్పాలా వద్దా అని ఒక పూటంతా తటపటాయించి చెప్పాను. "పెద్దకర్మ ఎప్పుడంట?" అని మాత్రం అడిగాడు. కారులో తీసుకెళ్ళాను. మెరక ఉన్నచోట చెరువు కూడా ఇప్పుడు లేదు. ఉప్పు తేలిన గుంట, ఒకప్పుడు రొయ్యలకి గాలి కొట్టి ఇప్పుడు తుప్పు పట్టిన ఇనుప చక్రాలు, చుట్టూ సర్కారు తుమ్మ. చావిడి లేదు, వసారా లేదు, డాబా ఇల్లు. షామియానా కింద బల్లలు వేసి కేటరింగు కుర్రాళ్ళు అందరికీ వడ్డిస్తున్నారు. ఎవరు ఎక్కడ కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. సాంబశివరావు కొడుకు, నలభై దాటినవాడు, చిన్నాన్నని భుజం పట్టి కూర్చోబెట్టి, "తినండి బాబాయిగారూ, దూరం నుంచి వచ్చారు. నాన్నగారు మీకెలా పరిచయమండి?" అని మర్యాదగా అడిగాడు.

"కలిసి ఆడేవాళ్ళం బాబూ. కబడ్డీ."

ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు. "మా నాన్న కబడ్డీ ఆడేవారాండి? మాకెప్పుడూ చెప్పలేదే."

చిన్నాన్న చేయి ఆకు మీద ఆగిపోయింది.

"ఆడేవాడు బాబూ" అన్నాడు. "బాగా ఆడేవాడు."