కొడుకుల తర్వాత నేను

మా చిన్న తమ్ముణ్ణి నా పిల్లలు 'క్యూ మామయ్య' అంటారు. ఇంట్లో అన్నం వడ్డించినా చిన్నవాళ్ళతో మొదలుపెట్టి వయసు వరసనే వస్తాడు. మధ్యలో ఎవరైనా కంచం ముందుకు తోస్తే వాడి ముఖం మాడిపోతుంది. ఇలాంటివాడికి వెతికి పెట్టినట్టు సరైన ఉద్యోగమే దొరికింది.

ఒక దినపత్రికలో మరణ ప్రకటనల పేజీ వాడిది. రాయడం వాడి పని కాదు. ప్రకటనలు ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కంప్యూటర్ ఫైలుగా వస్తాయి, ఏది ఏమిటో చెప్పే గుర్తులతో: పేరుకో ట్యాగు, ఫొటోకో ట్యాగు, కొడుకులకొకటి, కూతుళ్ళకొకటి. ఆ ఫైలును పేజీగా మార్చే ప్రోగ్రాము, స్టైల్‌షీటు అంటారట, వీడు రాస్తాడు. ఓసారి నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి, ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని, చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని చూపించాడు.

"ఊరికే వదిలేస్తే ఇది ఫైల్లో ఉన్న వరసలోనే ఒక్కొక్కళ్ళనీ పలకరించుకుంటూ పోతుందక్కా. ఫలానావాళ్ళని ముందు పిలువు అని నేను రాశాననుకో, వాళ్ళు ఎక్కడో అడుగున ఉన్నా సరే ముందొస్తారు."

ఆ మాట చెప్పేటప్పుడు వాడి దర్జా చూడాలి, రాజ్యమేలుతున్నట్టే.

మంచాన పడ్డాక అమ్మ నా దగ్గరే ఉంది. పక్క మార్చడం, మాత్రలు నూరి నీళ్ళలో కలిపి పట్టడం, తడిసిన దుప్పట్లు ఉతకడం అన్నీ నేనే. పెద్ద తమ్ముడు ఫోన్లో "అమ్మ ఎలా ఉంది?" అని అడిగి, నా జవాబు పూర్తికాకుండానే "సరే అక్కా, మీటింగుంది" అనేవాడు. చిన్నవాడు ఆదివారాలు వచ్చి, మంచం పక్కన కూర్చుని అమ్మకి పేపరు చదివి వినిపించేవాడు. వాడు మంచివాడే. నాకు మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

అమ్మ పోయిన రోజు వాణ్ణి ఒక్కటే అడిగాను.

"ఒరేయ్, ప్రకటనలో నా పేరు ముందు పెట్టరా. మీ ఇద్దరికంటే పెద్దదాన్ని, అమ్మని చూసుకున్నదాన్ని."

ఆశ అనుకోండి, అహంకారం అనుకోండి, నాకది కావాలి. నా బతుకులో నా పేరు అచ్చులో పడే సందర్భం ఇంకొకటి లేదు. వాడు "అలాగే అక్కా" అని నా ఎదుటే ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. నా పేరు, తర్వాత పెద్ద తమ్ముడిది, చివర తనది. కళ్ళారా చూశాను.

మర్నాడు పేపరు తెరిస్తే అమ్మ ఫొటో కింద మొదట పెద్ద తమ్ముడి పేరుంది, అంత్యక్రియలకి అందుకోవడానికే ఆపసోపాలు పడ్డవాడిది. తర్వాత చిన్నవాడిది. ఆ తర్వాత నాది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటినిండా చుట్టాలున్నారని కూడా చూడకుండా చిన్నవాణ్ణి వరండాలోకి లాక్కెళ్ళాను.

"ఏంట్రా ఇది?"

"ఫైల్లో నీ పేరే ముందుందక్కా, ఒట్టు."

"పేపరు కొన్నవాళ్ళకి ఫైలు కూడా పంచుతారా?"

వాడు తల గోక్కున్నాడు. "స్టైల్‌షీటు ముందు కొడుకుల్ని పిలుస్తుంది. తర్వాతే కూతుళ్ళని. ఫైల్లో ఏ వరసలో ఉన్నా దానికి పట్టదు."

"అలా రాసిందెవరు?"

"నేనే. చాలా ఏళ్ళ కిందట, మా ఇన్‌ఛార్జి చెప్తే."

"మరి నా ముందు కూర్చుని కొట్టేటప్పుడు ఆ సంగతి మర్చిపోయావా?"

మర్చిపోయానంటే నమ్మేసేదాన్ని. అబద్ధమని తెలిసినా నమ్మేసి, నాలుగు తిట్టి, అన్నం పెట్టేదాన్ని. వాడు చెప్పులవైపు చూస్తూ నసిగాడు.

"గుర్తుందక్కా. మార్చాలంటే ఒక్క లైను పని. కానీ నీ పేరు ముందొస్తే అన్నయ్య బాధపడతాడని... నువ్వైతే సర్దుకుంటావు కదా అని."

ఆ తర్వాత చాలా రోజులు వాడితో మాట్లాడలేదు. మొన్న వాడే వచ్చాడు, చేతిలో పేపరుతో.

"ఆ లైను తీసేశానక్కా. ఇప్పుడు ఇంటివాళ్ళు ఏ వరసలో రాసిస్తే పేజీలో అదే వరస. నీ వల్లే మార్చాను."

మెచ్చుకుంటానని నిలబడి ఎదురుచూశాడు. పేపరు తీసుకుని చూశాను. ఎవరో ముసలాయన ఫొటో కింద వరసగా కూతుళ్ళ పేర్లు, వాళ్ళ తర్వాత కొడుకు పేరు. ముక్కూమొహం తెలియని ఆ ఆడవాళ్ళ మీద అసూయ కలిగింది నాకు.

"మంచి పనే చేశావురా," అన్నాను. "అమ్మని మాత్రం మళ్ళీ చంపుకోలేం కదా."